ఎప్పట్లాగే అంటే ఏది?

మొదటి గుక్కకే షఫీవుల్లాకు తెలిసిపోయింది, ఇది తన టీ కాదని. చక్కెర పాకంలా ఉంది. పళ్లెంలో బొరుగుల ఉగ్గాని బదులు మూడు పూరీలు పొంగి కూర్చున్నాయి. నల్లమాడ బస్టాండు పక్కన ఈ రేకుల హోటల్లో పాతికేళ్లుగా అతను బెంచీ మీద కూర్చుని "ఎప్పట్లాగే" అంటాడు. నాగలక్ష్మమ్మ ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు, చక్కెర తక్కువ టీ తెచ్చి పెడుతుంది. ఇన్నేళ్లలో అంతకు మించి ఒక్క మాట ఖర్చు పెట్టి ఎరగడు. ఈరోజు ఆమె కూతురి కాన్పుకని కదిరి పోయింది. పొయ్యి దగ్గర ఆమె తమ్ముడు ఆంజి ఉన్నాడు.

"ఇదేందప్పా, ఎప్పట్లాగే అంటిని కదా?"

"ఎప్పట్లాగే ఇస్తిని కదన్నా! పుట్టపర్తిలో మా హోటల్లో అట్లంటే పూరీనే. నీ ఎప్పుడూ ఏందో నాకేం తెలుసు?"

మాట న్యాయంగానే ఉంది. షఫీవుల్లా నవ్వేసి పూరీలు లాగించాడు. కోపం తెచ్చుకునే రోజు కాదది. నలభై రోజులుగా మొహం చాటేసిన వాన రాత్రి ధారాళంగా కురిసింది. రోడ్డు మీద ఎర్రనీళ్లు ఇంకా పారుతున్నాయి. పంచెలు ఎగగట్టినవాళ్లు ఒకరినొకరు "మీకెంత పడినాది?" అని పెళ్లివారిలా పలకరించుకుంటున్నారు. పైగా నేటితో అతని ఉద్యోగం ఆఖరు.

అంతలో గుమ్మఘట్ట నుంచి భార్య మస్తానాబీ ఫోను.

"ఈడ బాగా పడినాది. మన మూడెకరాలకు రేపు తెల్లారే ఇత్తే గొర్రు మాట్లాడినా. సాయంత్రానికి వస్తావా, రావా?"

"వస్తాండా, వస్తాండా."

"పాతికేండ్ల నుంచి ఊరోళ్లందరికీ ఇత్తనం ఏపిస్తివి. సొంత చేను కౌలుకిచ్చి గట్టున నిలబడి చూస్తివి. ఈసారన్నా నీ చేత్తో ఎయ్యి."

అతను ఫోను జేబులో పెట్టుకుని లేచాడు. ఆంజి చేత నాలుగు బజ్జీలు పొట్లం కట్టించుకుని ఆఫీసుకు బయలుదేరాడు. సన్నటి మనిషి, కళ్లద్దాల కాడకు నల్లదారం చుట్టుకుంటాడు, నడిచేటప్పుడు కుడిభుజం కొంచెం ముందుంటుంది. మౌస్ పట్టీ పట్టీ అలా అయిందని మస్తానాబీ అంటుంది.

అతను పనిచేసేది రైతుసంఘంలో. ఇరవైరెండు ఊళ్లలో సంఘం పెట్టిన వానమాపకాలున్నాయి. వాన పడిన తెల్లారి ఆ ఊళ్ల నుంచి కొలతలొస్తాయి. ఏ ఊరి నేలకు విత్తే పదునొచ్చిందో, సంఘానికున్న ఆరు గొర్రు ట్రాక్టర్లు ఎక్కడికి పోవాలో కంప్యూటరు లెక్కగట్టి షీటు తీస్తుంది. తొమ్మిదికల్లా షీటు గోడకెక్కాలి. ఆలస్యమైతే పదును ఆరిపోతుంది. చేత్తో రాద్దామంటారా? రాస్తే పెద్దరైతుల ఊళ్లన్నీ వాటంతటవే పైకొచ్చి కూర్చుంటాయి. మిషన్ తీసిన కాగితమంటేనే చిన్నరైతుకు నమ్మకం.

ఆఫీసు ముందు ఆరు ట్రాక్టర్లూ వరసగా నిలబడి ఉన్నాయి. సంఘం ప్రెసిడెంటు ఆంజినప్ప చేతులు వెనక్కి కట్టుకుని పచార్లు చేస్తున్నాడు. లోపల మౌనిక బిక్కమొహం వేసుకుని కూర్చుంది. రెండు నెలల క్రితం చిలమత్తూరు నుంచి వచ్చిన పిల్ల, రేపటి నుంచి ఆ కుర్చీ ఆమెదే. కొత్త కంప్యూటరు తెర నిండా ఎర్ర అక్షరాలు.

"సార్, నేనేం ముట్టలేదు సార్. నిన్న సాయంత్రం పనిచేసినాది. పొద్దున తెరిస్తే ఇట్ల."

వెనకే వచ్చిన ఆంజినప్ప తలుపులోనే నిలబడ్డాడు.

"ఏమప్పా షఫీ, ఎనిమిదైంది. ఈ పాపకు చేతకాదని నేనప్పుడే అంటిని. ఆమెను ఇంటికి పంపిద్దాం, నువ్వింకో సమ్మచ్చరం ఉండు."

మౌనిక తల దించుకుంది. షఫీవుల్లాకు ఇంకో సంవత్సరమంటే మళ్లీ గట్టున నిలబడడమే. అతను మౌనిక పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ప్రోగ్రాంను నడిపించే సాఫ్ట్‌వేరు ఏ వెర్షనో చెప్పే చిన్న ఫైలు తెరిచాడు. అందులో ఒక్కటే మాట: 'లేటెస్ట్'.

"ఇది నువ్వు రాసిందేనా మా?"

"అవు సార్. మీరు 'డిఫాల్ట్' అని పెట్టినారు. సోమవారం కొత్త మిషన్లో అట్ల నడవలేదు. లేటెస్ట్ అని మారిస్తే నడిచినాది."

డిఫాల్ట్. షఫీవుల్లాకు చప్పున పూరీలు గుర్తొచ్చాయి. ఆ వెంటనే చిత్రంగా నవ్వొచ్చింది.

"ఓరి నా తెలివి తెల్లారా! ప్రెసిడెంటన్నా, తప్పు ఈ పాపది కాదు, నాది."

"నీదేంది?"

"డిఫాల్ట్ అంటే 'ఎప్పట్లాగే' అని. పాత మిషన్‌కు నా ఎప్పుడూ ఏందో తెలుసు, ఏడేండ్ల కిందట నేనే చెప్పింటిని. కొత్తదానికి యాడ తెలుస్తాది? దాన్ని బిగించినోడు ఏది పెట్టింటే అదే దాని ఎప్పుడూ. వెర్షన్ అంకె రాసి పెట్టాల్సింది, నేను రాయలేదు."

"మరి లేటెస్ట్ ఎందుకు ఆగినాది సార్?" మౌనిక తలెత్తింది.

"లేటెస్ట్ అంటే 'ఈపొద్దు కొత్తగా ఏముంటే అది' అని. నడిపిన ప్రతిసారీ పోయి జాబితాలో అన్నిటికన్నా పెద్ద అంకె ఏదో చూసి దాన్నే తెస్తాది. నిన్న తెచ్చింది నిన్నటిది. రాత్రి ఇంకోటి వచ్చినట్టుండాది, దానికీ మన ముసలి ప్రోగ్రాంకూ పొసగలేదు. నువ్వు ముట్టకపోయినా అది మారుతాది మా."

"అయితే డిఫాల్టూ వద్దు, లేటెస్టూ వద్దు. అంకె రాస్తే సరి. ఏ అంకె సార్?"

షఫీవుల్లాకు ఆ అంకె గుర్తు లేదు. ఏడేళ్లుగా ఆ అంకెతో అవసరమే పడలేదు. పాత మిషన్ మొన్ననే పాత సామాన్ల బండెక్కింది. ప్రోగ్రాం రాసిచ్చిన ఇంజినీరు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో దేవుడికెరుక. పాత షీట్ల చివర చిన్నక్షరాల్లో అంకె పడేది కానీ, ఆ షీట్లు బీరువాలో ఉంటేగా? ఏడాది తిరగ్గానే కట్టలు కట్టి నాగలక్ష్మమ్మకు ఇచ్చేది తనే. సిరా దండగని, ఆ చిన్నక్షరాలు తీసేయమని ఒకప్పుడు ఇంజినీరుతో పోట్లాడింది కూడా తనే.

"ఎనిమిదిన్నర!" బయటి నుంచి ఆంజినప్ప అరిచాడు.

మౌనిక కళ్లలో నీళ్లు నిండాయి. ఆ పిల్ల పొద్దుటి నుంచి ఏమీ తిన్నట్టు లేదు. షఫీవుల్లా ఏం చేయాలో తోచక బజ్జీల పొట్లం ఆమె ముందు పెట్టాడు.

"ముందు తిను మా. ఆకలి మీద ఏదీ తోచదు."

ఆమె పొట్లం విప్పింది. ఒక బజ్జీ తీసింది. నోటిదాకా వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"సార్, ఇది మన షీటే!"

అవును, రెండేళ్ల కిందటి జూలై షీటు. ఊళ్ల పేర్లు నూనెలో నాని నల్లబడ్డాయి. కింద మూలన చీమల్లాంటి అక్షరాలు. షఫీవుల్లా కళ్లద్దాలు నుదుటి మీదకి నెట్టి కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. 8.16.2. నాగలక్ష్మమ్మకు, ఆంజికి, ఆ ఇంజినీరుకు మనసులోనే సలాం కొట్టాడు.

"నువ్వే కొట్టు," అని స్టూలు వెనక్కి జరుపుకున్నాడు.

మౌనిక చేతులు పావడాకు తుడుచుకుని ఫైల్లో 'లేటెస్ట్' చెరిపి అంకె కొట్టింది. మిషన్ ఆ పాత వెర్షన్నే వెతికి తెచ్చుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత ప్రింటరు గుర్రుమంది.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా షీటు గోడకెక్కింది. పదకొండు ఊళ్లకు పదును. జనం కేకలు, ఈలలు. ట్రాక్టర్లు ఒకదాని వెంట ఒకటి బురద చిమ్ముకుంటూ కదిలాయి. ఆంజినప్ప మౌనిక దగ్గరకొచ్చి గొంతు సవరించుకున్నాడు.

"పాపా, అన్నమాట ఎనక్కి తీసుకుంటాండా. నువ్వే ఉండు," అని మొదటి ట్రాక్టరెక్కి తన చేనుకు పోయాడు.

"కొత్త వెర్షన్లు వద్దనుకోవద్దు మా," అన్నాడు షఫీవుల్లా సంచీ సర్దుకుంటూ. "వాన లేని రోజు, పక్కన ఇంకో కాపీలో నడిపి చూడు. బాగుంటే అప్పుడు అంకె మార్చు. ఈడ వాన లేని రోజులకేం కరువు!"

మౌనిక ఫక్కున నవ్వింది.

పంపేముందు అతనికి శాలువా కప్పాలని అనుకున్నారు. కానీ విత్తే రోజున శాలువా ఎవరికి గుర్తుంటుంది? పొద్దున పది గంటల బస్సెక్కే వేళకు బస్టాండులో సాగనంపడానికి ఆంజి ఒక్కడే ఉన్నాడు. కిటికీలోంచి టీ అందించాడు.

"చక్కెర తక్కువేసినా అన్నా."

"నిక్షేపంగా ఉండాది," అన్నాడు షఫీవుల్లా. పాతికేళ్ల ఉద్యోగం అలా ముగిసింది. అతని మనసప్పుడే గుమ్మఘట్టలో, తడిసిన ఎర్రమన్నులో, గొర్రు వెనక నడుస్తోంది.

మధ్యాహ్నం మౌనిక మిగిలిన బజ్జీలు తినేసి, కాగితాన్ని ఎండలో ఆరబెట్టి, కంప్యూటరు పైన గోడకు అంటించింది. రెండేళ్ల కిందటి వాన, ఇరవైరెండు ఊళ్ల పేర్లు, మూలన ఎర్ర సిరాతో సున్నా చుట్టిన అంకె, దాని పక్కనే ఇంకా పూర్తిగా ఆరని బజ్జీ నూనె మరక.