ఫీజు చూసినందుకే

స్కూలు బస్సు నడిపే పెద్దాయనకు ఒళ్లు మండిపోయింది. లైసెన్సు రెన్యూవల్‌కి కంటి రిపోర్టు కావాలి, డాక్టరు చూస్తే సొంత బావమరిది. ముక్కు చీదుకోవడం రాని వయసులో సైకిలెక్కించి ఊరంతా తిప్పాడు వాణ్ణి. అలాంటివాడు, "బావా, ముందు ఫీజు బల్లమీద పెట్టు," అన్నాడు.

"నా దగ్గరా? సిగ్గులేదుట్రా?"

"రిపోర్టుకైతే అందరి దగ్గరా తీసుకుంటాను. ఫీజు నీ కళ్లు చూసినందుకు. పాసని రాసినందుకు కాదు."

పెద్దాయన సణుగుతూ నోటు తీసి పెట్టాడు. లోలోపల ధీమాగానే ఉన్నాడు. భార్య దగ్గుకి మందుకోసం వచ్చినప్పుడల్లా దగ్గరికెళ్లి గోడమీది కంటిపరీక్ష చార్టును బట్టీ పట్టాడు మరి. ఎదురుగా ఉన్నది చదవమనగానే అడుగున ఉన్న చిట్టి అక్షరాలతో సహా గడగడా అప్పజెప్పేశాడు.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "చార్టు నిన్న పక్క గదిలోకి మార్చాం బావా. అది క్యాలెండరు."

పెద్దాయన మొహం కందగడ్డ అయింది. పక్క గదిలో పరీక్ష ఎంతోసేపు పట్టలేదు.

"రెండు కళ్లకీ శుక్లాలు. ఆపరేషను చేయిస్తే సరిపోతుంది. అంతవరకూ బస్సెక్కొద్దు."

"వేరే డాక్టరైతే చూడకుండానే సంతకం పెడతాడు!"

"పెడతాడు. నీ బస్సెక్కే పిల్లలకి ఆ సంగతి తెలీదుగా."

మొన్న స్కూలు గేటు దగ్గర ఆయమ్మ కేక వేసేదాకా పెద్దాయనకు బస్సు ముందున్న పాప కనబడలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అయినా ఇంటికెళ్లి ఎగిరిపడ్డాడు. "డబ్బులు తీసుకుని మరీ ఫెయిల్ చేశాడు నీ తమ్ముడు!"

"మంచి పని చేశాడు," అంది భార్య. "నేననుకుని పక్కింటావిడ చేతికి కూరల సంచి ఇచ్చొచ్చారుగా. నోరెత్తకుండా ఆపరేషను చేయించుకోండి."

చేయించుకున్నాడు. కళ్లు కుదుటపడ్డాక మళ్లీ వెళ్లి, అడక్కముందే నోటు బల్లమీద పెట్టాడు.

"రెండోసారేగా, ఉంచుకో బావా," అన్నాడు డాక్టరు నవ్వుతూ.

"తీసుకోరా. ఊరికే చూస్తే ఊరికే పాసు చేశావంటారు."

డాక్టరు నోటు సొరుగులో వేసి చార్టు చూపించాడు. పెద్దాయన చార్టు వంక చూడలేదు. బావమరిది మొహమే చూస్తున్నాడు. చెవుల పక్క తెల్లవెంట్రుకలు, కళ్లకింద నల్లటి చారలు. ప్రాణం ఉసూరుమంది.

"ఒరేయ్, ఎప్పుడింత పెద్దవాడివైపోయావురా?"

"చార్టు చదువు బావా."

"చదువుతాను ఉండరా. ముందు నిన్ను చూడనీ."