విచ్చుకోవడానికి అయ్యే ఖర్చు

ఒక కన్ను పొయ్యి మీది పాల మీద వేసి, కిటికీలోని అత్తిపత్తికి నీళ్లు పోయడం నాకెంత ఇష్టమో! కొత్త కాపురంలో అన్నీ ఇష్టమే. అందరికంటే ముందు లేవడం, ఆయన చొక్కాకి గుండీ కుట్టడం, అత్తయ్య మాత్రలు వేళకి అందించడం, అన్నీ. ఆ మొక్క నేను ల్యాబు నుంచి తెచ్చుకున్నది. దాని కాడకు సన్నటి తీగలు తగిలించి, ముట్టుకోగానే లోపల పుట్టే కరెంటును కొలవడమే నా ఉద్యోగం. పెళ్లికి పెట్టిన సెలవు ఈ ఆదివారంతో సరి. ఆ మాట ఎత్తితే ఆయన "చూద్దాంలే" అనేవారు.

ఆయనకీ మొక్కంటే ముచ్చటే. ఆఫీసుకు వెళ్లేముందు, వచ్చాక, దాని ఆకులన్నీ ముడుచుకునేదాకా వేళ్లతో తడుముతారు. తర్వాత అదే వేలితో నా మెడ వెనక తాకుతారు. నేను ఉలిక్కిపడితే పడీపడీ నవ్వుతారు.

"నీకంటే దీనికే సిగ్గెక్కువ."

"సిగ్గు కాదండీ. కాడ మొదట్లో చిన్న ఉబ్బు ఉంది చూశారా? ముట్టుకోగానే దాని కింది కణాల్లోంచి పొటాషియం అయాన్లు బయటికి పోతాయి. వాటి వెనకే నీళ్లూ పోతాయి. బిగువు తగ్గి ఆకు వాలిపోతుంది. మళ్లీ విచ్చుకోవాలంటే వాటన్నిటినీ లోపలికి తోడుకోవాలి. చాలా శక్తి ఖర్చవుతుంది పాపం."

"అంటే ఉప్పూ నీళ్లూ! దీనికా నీకు జీతమిచ్చేది?"

నాకూ నవ్వొచ్చింది. పక్కింటికి వినిపిస్తుందని ఆయన అన్నప్పటినుంచీ నవ్వు గొంతులోనే ఆపేస్తున్నాను. స్నానాల గదిలో పాట మానేశాను. స్నేహితురాలి ఫోనొస్తే పెరట్లోకి వెళ్తున్నాను. ఆయన చెప్పింది పాటించడం కూడా ఒక ముద్దు అనుకున్నాను.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఆయన ఆఫీసు స్నేహితులు వచ్చారు. మొక్క తమాషా చూపిస్తానని అందరినీ వంటింట్లోకి పిలిచారు. తాకారు. ఆకులు కదల్లేదు. మళ్లీ తాకారు, గట్టిగా నొక్కారు. ఊహూఁ.

నేను చప్పట్లు కొట్టేశాను. "అలవాటు పడిపోయిందండీ! ఊరికే ముట్టుకుంటే ఏ హానీ లేదని కనిపెట్టేసింది. ఇక ముడుచుకోదు!"

"ఇంట్లో మొక్క కూడా నీ మాట వినదేంట్రా?" అన్నాడొకాయన. అందరూ గొల్లుమన్నారు.

ఆయన కూడా నవ్వారు. నవ్వుతూనే అగ్గిపుల్ల గీసి ఒక ఆకు చివర పెట్టారు. ముందు ఆ ఆకు, తర్వాత ఆ కొమ్మ, తర్వాత మంట తగలని కొమ్మలు కూడా, ఒక్కొక్కటే చచ్చినట్టు వాలిపోయాయి. కమురు వాసన వచ్చింది.

"ఇప్పుడు వింది," అన్నారు. మొక్కని చూడటం లేదు. నన్ను చూస్తున్నారు.

వాళ్లు వెళ్లాక అత్తయ్య కప్పులు తుడుస్తూ గొంతు తగ్గించారు. "నలుగురిలో వాడికి పాఠాలు చెప్పకమ్మాయ్. వాళ్ల నాన్నదీ ఇదే తీరు. నాకూ మొదట్లో అంతా సరదాగానే ఉండేది." అంటూ జాకెట్టు చేయి కిందికి లాక్కున్నారు. లాక్కునేలోపే కనిపించింది, అక్కడ చర్మం ముడతలుపడి నున్నగా ఉంది. అది వయసు వల్ల వచ్చిన ముడత కాదు, ఎప్పుడో కాలిన మచ్చ.

"మీరు మరి ఏం చేశారత్తయ్యా?"

"ఏం చేస్తాను? అలవాటు పడ్డాను."

హాల్లోంచి ఆయన పిలిచారు. ముఖంలో ఎంత ప్రేమో! నా ఫోను తీసి చేతికిచ్చారు.

"బంగారం, రేపటినుంచి రానని మీ ల్యాబు మేడమ్‌కి చెప్పెయ్. నా ముందే చెప్పు, వింటాను."

"సరేనండీ," అన్నాను. సిగ్నలు అందడం లేదంటూ నడుచుకుంటూ వెళ్లి వీధి తలుపు బార్లా తీశాను. ఎదురింటివాళ్లు అరుగు కడుగుతున్నారు. గడప దాటి, వాళ్లకి కూడా వినపడేంత గట్టిగా మాట్లాడాను.

"మేడమ్, రేపు కాదు, ఇప్పుడే బయల్దేరి వస్తున్నాను. ఈ రాత్రికి మీ ఇంట్లో ఉండనిస్తారా?"