నాలుగు కాని మధ్యాహ్నం

లెక్కల టీచరు రోజూలాగే బోర్డు తుడిచి, చేతులకంటిన సుద్దపొడి దులుపుకుని, గోడ గడియారం వైపు చూసింది. మూడుంపావు. ఆమె పాఠంలో మునిగిపోతే ఆ గడియారం ఆగిపోతుంది. బడిగంట కొట్టే తాత కిటికీలోంచి దాన్ని చూశాకే గంట కొడతాడు. ఆగి ఉంటే తీరిగ్గా వెళ్ళి గట్టు మీద కూర్చుంటాడు. అయితే ఈ ఏడాది అది ఒక్కసారీ ఆగలేదు. నోరు పాఠం చెబుతూనే ఉంటుంది, మనసే ఎక్కడో ఉంటుంది.

ఇవాళ మాత్రం ఆగి తీరాలి. నాలుగింటికి మూడో బెంచీ పిల్లను బడి మాన్పించి వాళ్ళ పిన్ని తీసుకెళ్ళిపోతుంది. పిన్నికి కుట్టుపని. "దీనికి లెక్కలు ఎక్కవు టీచరుగారూ. కత్తెర పట్టిందంటే బతికిపోతుంది" అని పొద్దున్నే తేల్చి చెప్పేసింది.

టీచరు భాగహారం మొదలుపెట్టింది. మాటకోసారి గడియారం వైపు చూసింది. చూసినకొద్దీ అది పరుగెత్తింది. నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా పిన్ని గుమ్మంలో ప్రత్యక్షమైంది. బోర్డు మీద మూడున్నర మీటర్ల గుడ్డ ఉంది, ఒక్కో దిండు గలీబుకి ముప్పావు మీటరు. ఎన్ని గలీబులు? నాలుగు, ఇంకా మూడింట రెండు వంతులు.

"తప్పు" అంది పిన్ని అక్కణ్ణుంచే. "నాలుగు కుడితే మిగిలేది అర మీటరు. రోజూ కోసేదాన్ని, నాకు తెలీదా?"

క్లాసు గొల్లుమంది. టీచరుకి కోపం రాలేదు సరికదా, ఒళ్ళు ఝల్లుమంది. నిజమే, ఈ అరేమిటి, ఆ మూడింట రెండేమిటి? సుద్దముక్క పిన్ని చేతిలో పెట్టింది. పిన్ని గది ఈ చివర నుంచి ఆ చివరిదాకా నేల మీద గుడ్డ గీసింది. పిల్లలు బెంచీలు దిగి చుట్టూ మూగారు. ఒకడు అర మీటరే అన్నాడు, ఒకమ్మాయి ఏకంగా పిన్నినే దబాయించింది. ఒకరి ప్రశ్న అందుకుని ఇంకొకరికి విసురుతూ టీచరు గడియారం సంగతే మర్చిపోయింది. ఎన్నాళ్ళకి ఇంత హాయి!

మిగిలిన ముక్కను జానలతో కొలుస్తున్న మూడో బెంచీ పిల్ల చివరికి నోరు విప్పింది.

"మీటరుతో కొలిస్తే అర, పిన్నీ. గలీబుతో కొలిస్తే మూడింట రెండు. ఇంకో పావు మీటరుంటే ఐదోది అయిపోతుంది. ఇద్దరిదీ రైటే."

పిన్ని ఆ గీతల వంక చాలాసేపు చూసింది. "ఎవరు చెప్పారే నీకు?"

"ఎవరూ చెప్పలేదు. కనిపించింది."

అప్పుడు టీచరు తలెత్తింది. ఇంకా నాలుగింటికి ఐదు నిమిషాలే. బయట తాత గట్టు మీద కునుకు తీస్తున్నాడు. ఆమె చూడగానే ముల్లు కదిలింది. కాసేపటికి గంట మోగింది.

పిల్ల పుస్తకాలన్నీ సంచిలో సర్దుకుని, తల వంచుకుని పిన్ని పక్కకొచ్చి నిలబడింది. పిన్ని చేతులకంటిన సుద్ద దులుపుకుంది.

"అవన్నీ బెంచీలోనే పెట్టెయ్" అంది. "రేపు మళ్ళీ మోసుకురావడమెందుకు?"