గూను దగ్గర దిగక్కర్లేదు

"పన్నెండు కాదయ్యా, పధ్నాలుగు! చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా?"

బండి కింద నుంచి నల్లటి చెయ్యి ఒకటి బయటికి వచ్చి, అందించిన స్పానర్‌ని నేలమీద పడేసి, వేళ్లు ఆడిస్తూ అలాగే ఉండిపోయింది. అల్లుడు పెట్టెలో గలగలా వెతికి ఇంకొకటి ఆ చేతిలో పెట్టాడు. చెయ్యి లోపలికి పోయింది. ఆ వెనకే గొణుగుడు మొదలైంది.

షెడ్డులో అందరూ అతన్ని గొణుగుడు మేస్త్రి అంటారు. ఎదురుగానే అంటారు. అతనేమీ అనుకోడు, అనుకున్నా అదీ గొణుగుడులోనే కలిసిపోతుంది. పెళ్లికి ముందు నుంచీ ఇదే షెడ్డు, ఇదే మూల, వీపు కింద ఇలాంటి గోనెపట్టానే. మనుషుల మొహాల కన్నా బళ్ల పొట్టలే ఎక్కువ చూశాడు. నుదుటి మీద మడ్డి చుక్కలు పడీ పడీ చర్మమే ఆ రంగుకి తిరిగింది. ఎన్ని బళ్లు బాగుచేసినా సొంతానికి సైకిలైనా లేదు, ఇంటికి నడిచే వెళ్తాడు. బండి లోపలి సంగతులు తెలిసినవాడెవడూ బండెక్కడని అతని వాదన.

ఇవాళ అతని మొహం మీద ఉన్నది అల్లుడి బండి. పొడుగాటి పికప్పు. ముందు చక్రాలు ఒక ఊళ్లో, వెనక చక్రాలు ఇంకో ఊళ్లో అని అది వచ్చిన రోజే అన్నాడు.

"పొట్టిది కొనవయ్యా అంటే విన్నావా?"

"పొట్టిదాంట్లో మొక్కల ట్రేలు పట్టవు మావయ్యా."

"ట్రేలు పట్టాయి. కొండ పట్టలేదు."

అల్లుడికి కొండమీద మొక్కల నర్సరీ. పైకి ఎరువు, కిందికి మొక్కలు. దారంటే దారి కాదు, వాన కోసుకుపోయిన చాళ్లు, వాటి మధ్య రాళ్లు. సగం ఎక్కాక రాతి గూను ఒకటి అడ్డంగా లేచి ఉంటుంది. పొట్టి బళ్లు దాన్ని ఎక్కి దిగిపోతాయి. ఇది అలా కాదు. ముందు చక్రాలు అవతలికి దిగేసరికి వెనకవి ఇంకా ఇవతలే ఉంటాయి, మధ్యలో నడుం రాయి మీద ఆనుతుంది. ఒకసారి అలా ఆనినప్పుడే ఇంజను కింద నూనె ఉండే ఛాంబర్ పగిలింది. అప్పటి నుంచి గూను రాగానే అల్లుడు బండాపి, "దిగు" అంటాడు. మనిషి దిగితే బండి వేలెడు పైకి లేస్తుందని అతని లెక్క. మేస్త్రి కూతురు చంటిదాన్ని భుజాన వేసుకుని, జారుడు రాళ్ల మీద నడిచి, అవతల మళ్లీ ఎక్కాలి.

ఈ సంగతి మేస్త్రికి మొన్న మొన్నటి దాకా తెలియదు. పుట్టింటికి వచ్చిన కూతురు కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టుకుని స్నానం చేయిస్తుంటే, మోకాలి మీద గీరుకుపోయిన గాయం కనిపించింది.

"ఏంటమ్మా అది?"

"కాలు జారింది నాన్నా, గూను దగ్గర. పిల్లకేం కాలేదులే, గట్టిగా పట్టుకున్నా."

అతను వంగి గాయం చూశాడు. గొణగలేదు కూడా. అది చూసే అతని భార్యకు భయం వేసింది.

ఇవాళ సాయంత్రం కూతురు కొండమీదికి వెళ్లిపోతుంది. ఆ లోపల బండి పొట్టకు కవచం పడాలి. విరగ్గొట్టిన లారీ ఒకదాని అడుగున పరిచిన గళ్ల ఇనుపరేకు సంపాదించాడు. కత్తిరించి, ముందు అంచుని పడవ ముక్కులా పైకి వంచాడు. ఇక రాయి తగిలినా బండి ఆగదు, దాని మీద జారి అవతల పడుతుంది. దిగక్కర్లేదు.

"ఇదంతా ఎందుకు మావయ్యా, పెద్ద టైర్లు వేయించి బండి ఎత్తు పెంచితే పోయేది."

"అలాగే. ఓ నిచ్చెన కూడా కొను. మా అమ్మాయి పిల్లనెత్తుకుని నిచ్చెనెక్కుతుంది."

ఇద్దరూ కలిసి రేకుని జాకీ మీదికి ఎత్తారు. మేస్త్రి ఎడమ భుజం కలుక్కుమంది. రేకుని తిట్టాడు, రేకు చేసినవాణ్ని తిట్టాడు, అవతలి కొస ఎత్తలేని అల్లుణ్ని, వాడికి పిల్లనిచ్చిన తన తెలివిని కూడా వరసగా తిట్టుకున్నాడు. జాకీ సగంలో బిగుసుకుంది. దాన్నీ తిట్టాడు. బోల్టు బెజ్జాలు ఒకదానికొకటి కలవలేదు. రెండుసార్లు దించి, రెండుసార్లు ఎక్కించాడు.

మధ్యాహ్నానికి భార్య క్యారియర్‌తో వచ్చింది. వెనకే కూతురు, భుజాన నిద్రపోతున్న పిల్ల, చేతిలో ప్రయాణం సంచి. అప్పటికి ఆఖరి బోల్టు బిగించి మేస్త్రి బయటికి పాకాడు. కూతుర్ని చూడగానే మొహం కొంచెం విప్పారింది. మాటల్లో చెప్పడం చేతకాక సుత్తితో రేకుమీద ఒక్కటిచ్చాడు. షెడ్డంతా ఖంగుమంది. పిల్ల ఉలిక్కిపడి లేచి గుక్కపట్టింది.

"బాగుంది వరస," అంది భార్య. "దాన్ని పడుకోబెట్టేసరికి నా ప్రాణం పోయింది."

అదే సమయానికి అల్లుడు వంగి కిందికి చూసి నవ్వాడు. "మావయ్యా, మరి నూనె మార్చాలంటే? ఛాంబర్ కింది నట్టు రేకు వెనక పడిపోయిందిగా!"

షెడ్డు యజమాని కూడా లేచొచ్చి చూశాడు. "మేస్త్రీ, గదికి తాళంవేసి తాళంచెవి లోపల పెట్టావ్!"

మేస్త్రి వంగి చూశాడు. నిజమే. నూనె దించే నట్టుకు సరిగ్గా కింద రేకు. ఇలాంటి పని చేసి తెచ్చిన వాళ్లనందరినీ ఇదే షెడ్డులో నిలబెట్టి కడిగేసిన మనిషి అతను. స్పానర్ తీసుకుని బండి కిందికి పోయి, రేకుని మళ్లీ దించాడు.

గ్యాస్ మంటతో రేకులో అరచెయ్యంత కంత కోశాడు. మూలనున్న పాత ట్యూబు లాగి, దాన్ని రూపాయి బిళ్లంత గుండ్రటి ముక్కలుగా కత్తిరించి, ఎర్రగా కాల్చిన ఊచతో నడుమ బెజ్జాలు పొడిచాడు. రేకుకీ బండికీ మధ్య ఇవి పడితే మోగదు. పిల్ల లేవదు. "అవెందుకు మావయ్యా?" అని అల్లుడు అడిగితే వినపడనట్టు కిందికి దూరాడు.

లోపల వేడిగా ఉంది. ఒక మూల బోల్టు పెట్టాడు, రబ్బరు పెట్టాడు, బిగించాడు. అల్లుడు చెప్పింది నిజమే. అదే మంట. అబద్ధమైతే ఇంత మంట ఉండేది కాదు. రెండో మూల. వెధవ తొందర, అమ్మాయి మోకాలి మీదే ధ్యాస పెట్టి నట్టు సంగతి మరిచాడు. మూడో మూల. చెమట కంట్లోకి కారింది. జాకీ రేకుని మోస్తూనే ఉంది కాబట్టి కాసేపు చేతులు దించాడు. వీపు కింద గోనెపట్టాలో రాయేదో ఉన్నట్టుంది, ఎడమ రెక్క దగ్గర గట్టిగా ఒత్తుకుంటోంది. ఈ షెడ్డు ఊడ్చేవాడే లేడు. కొంచెం ఆగి దాన్ని తీసి పారేయాలనుకున్నాడు.

బయట అల్లుడు రెండుసార్లు పిలిచాడు. "మావయ్యా, తప్పయిపోయింది, రండి. భోంచేద్దాం."

"పిలవకు నాయనా," అంది అత్తగారు క్యారియర్ విప్పుతూ. "అలిగితే అంతే. మీ పెళ్లిలో ఫొటోలవాడు కాస్త నవ్వండి బాబాయ్ అన్నాడని అలిగి, ఒక్క ఫొటోలోనూ మొహం పెట్టలేదు. చూసినవాళ్లు ఎవరి పెళ్లనుకుంటున్నారో మరి. ఆకలేస్తే ఆయనే వస్తాడు."

బండి కింద నుంచి రెండు పాదాలు కనిపిస్తున్నాయి, ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి.

"కాళ్లు కూడా అలిగినట్టున్నాయే," అన్నాడు యజమాని. నలుగురూ నవ్వారు. భార్య నవ్వుతూనే అతని వాటా తీసి విడిగా మూత పెట్టింది. భోజనాలయ్యాయి. పిల్ల మళ్లీ నిద్రపోయింది. ఎండ వాలి షెడ్డు గుమ్మం దాటింది.

"పొద్దుండగా గూను దాటాలి," అన్నాడు అల్లుడు మెల్లిగా. "నువ్వైనా చెప్పు."

కూతురు పిల్లను తల్లి ఒళ్లో పెట్టింది. చిన్నప్పుడు తండ్రి అలిగితే ఇంట్లో ఎవరూ కదిలించేవారు కాదు, ఆమే బళ్ల కిందికి పాకి పక్కన పడుకునేది. ఏమీ అడిగేది కాదు. కాసేపటికి అతనే "గౌనంతా మడ్డి చేసుకున్నావు, మీ అమ్మ చంపుతుంది" అని గొణిగేవాడు. అంతటితో అలక తీరిపోయేది.

ఇప్పుడూ అలాగే పక్కన పడుకుంది. కంతలోంచి నూనె నట్టు కనిపిస్తోంది.

"బాగా కుదిరింది నాన్నా."

ఆమె పైకే చూస్తూ కాసేపు ఎదురుచూసింది. తర్వాత మొహం తిప్పి చూసింది. అతని కళ్లు ఆ నట్టు మీదే ఉన్నాయి. కుడి చెయ్యి గుండె మీద, స్పానర్ చేతిలోంచి జారి మెడ పక్కన. ఆమె అతని నుదురు తుడిచింది. చల్లగా ఉంది.

బయటికి వచ్చేసరికి తల్లి పిల్లను ఊపుతూ అడిగింది, "ఏమంటాడే?"

"అమ్మా, నాన్న అలగలేదు."

కార్యక్రమాలన్నీ అయ్యాకే వాళ్లు కొండకు బయల్దేరారు. నాలుగో మూల బోల్టుని షెడ్డు యజమాని ఎప్పుడో బిగించి ఉంచాడు. రబ్బరు సంగతి అతనికి తెలియదు.

గూను దగ్గర అల్లుడు అలవాటుగా బండాపాడు. తలుపు తీయడానికి ఆమె మీదుగా చెయ్యి చాపి, మధ్యలో ఆపేశాడు. ఆమె పిల్లను ఇంకొంచెం దగ్గరికి పొదువుకుంది.

"పోనియ్."

ముందు చక్రాలు ఎక్కి దిగాయి. నడుం రాయికి తగిలింది. పాదాల కింద ఇనుము రాతిమీద బరబరా గీసుకుపోయింది. అల్లుడు స్టీరింగ్‌ని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. బండి ఒకసారి ఊగి, జారి, అవతలికి దిగింది. పిల్ల లేవలేదు. మరి కాస్త దూరం పోయాక ఒక మూల మాత్రం, రాయి తగిలినప్పుడల్లా, రేకు టకటకమని కొట్టుకోవడం మొదలైంది.

"ఇంటికెళ్లగానే దాని పని చూస్తా," అన్నాడు అల్లుడు. "ఉత్త రబ్బరు ముక్కే కదా."

ఆమె బండి ముందద్దం వైపు చూసింది. ఆ రోజు తండ్రి ఎడమ పిడికిలి విప్పి తీసినది అద్దం ముందు, ఎండలో ఉంది: గుండ్రటి నల్లటి రబ్బరు ముక్క, కాల్చిన ఊచ వాసన ఇంకా పోని బెజ్జంతో.