రిజిస్టర్‌లో మీనాక్షి

ఎలోయిసా అమెరికాలో ఉండాలంటే ఒక్క కాగితం కావాలి. దానికి పదకొండు రోజులే గడువుంది.

1982కి ముందునుంచీ దేశంలో ఉంటున్నామని రుజువు చూపించినవాళ్ళకి ప్రభుత్వం కాగితాలిస్తానంది. దరఖాస్తుకి ఆఖరి రోజు 1988 మే నాలుగు. ఎలోయిసా మెక్సికోనుంచి వచ్చింది 1974లో. ఆ సంగతి ఏ కాగితానికీ తెలీదు.

మొగుడు బావి తవ్వుతూ మట్టి విరిగిపడి పోయాడు. కొడుకు కాలిఫోర్నియా వెళ్ళి ఉత్తరాలు మానేశాడు. యాభై దాటిన వయసులో ఒంటరిగా సరిహద్దు దాటింది. షికాగో దగ్గర అరోరా ఊళ్ళో లాండ్రీలో నాలుగేళ్ళు దుప్పట్లు ఉతికి, నేపర్‌విల్‌లో ఇంజనీరు భీమశంకర్ ఇంట్లో పిల్లని చూసుకోడానికి చేరింది. అప్పటికి విద్యకి రెండేళ్ళు. ఇప్పుడు పన్నెండు.

విద్యకి ఊహ తెలిసేటప్పటికే ఆవిడ అమ్మమ్మ. భీమశంకర్ భార్య జయంతి తల్లి మీనాక్షి తెనాలి దాటి ఎక్కడికీ రాదు. ఇంట్లో అమ్మమ్మ చోటు ఖాళీగా ఉంది. ఎలోయిసా అందులో కూర్చుంది. భీమశంకర్ మొదట్లో సరదాకి "అత్తయ్యగారూ" అన్నాడు. తర్వాత అదే అలవాటైపోయింది. ఇంట్లో విని విని తెలుగు నేర్చుకున్న ఆవిడా తక్కువ తినలేదు.

"ఏం అల్లుడూ, పప్పులో కారం ఎక్కువైందా? మీది కారం తినే ఊరని గొప్పలు చెప్పావుగా!"

శనివారం మధ్యాహ్నం టీవీలో కుస్తీ పోటీలొస్తే సోఫా అంచుమీద కూర్చుని, అన్యాయంగా కొట్టినవాణ్ణి "వెధవా! దొంగ వెధవా!" అని తెలుగులోనే తిట్టేది. ఆ మాట నేర్పింది అల్లుడే. విద్యకి పొంగు పోసినప్పుడు, తల్లీ తండ్రీ ఉద్యోగాలకి వెళ్తే, తొమ్మిది రోజులు మంచం పక్కనుంచి కదల్లేదు. గోక్కోకుండా పిల్ల చేతులు రెండూ తన చేతుల్లో పట్టుకుని కూర్చుంది.

అలాంటి మనిషి పదేళ్ళు ఆ ఇంట్లో ఉందని రుజువేదీ? జీతం నోట్లలో ఇచ్చారు. ఫొటోలు బోలెడున్నాయి. ప్రతి ఫొటో వెనకా జయంతి తెలుగులో రాసిపెట్టింది: "అమ్మమ్మ, విద్య." అరోరాలో చర్చి హాల్లో కూర్చుని ఈ దరఖాస్తులు నింపిపెట్టే లాయరు మిసెస్ గార్సా వాటిని తిరగేసి చూసి పెదవి విరిచింది.

"ఎలోయిసా అన్న పేరు ఎక్కడ?"

ఎక్కడా లేదు. ఉన్న ఒక్కచోటా వేరే పేరుంది.

1981 సెప్టెంబర్లో విద్యని కిండర్‌గార్టెన్‌లో వేశారు. మధ్యాహ్నం పిల్లని తీసుకెళ్ళడానికి సొంతవాళ్ళే రావాలి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి అన్నారు. భీమశంకర్ ఫారం మీద "అమ్మమ్మ: మీనాక్షి" అని రాసేశాడు. చదువురాని ఎలోయిసాని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, వారం రోజులు ఇంగ్లీషులో ఆ పేరు దిద్దించాడు. ఆవిడ నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ నేర్చుకుంది. జీవితంలో ఆవిడ రాయడం నేర్చిన పేరు అదొక్కటే. అదీ ఇంకొకరిది.

"మీ నాన్నగారు ఒక్క అఫిడవిట్ ఇస్తే చాలు. ఆ మీనాక్షి ఈవిడేనని" అంది మిసెస్ గార్సా, ఎలోయిసాకి తోడు వచ్చిన విద్యతో.

విద్య ఆ రోజే తండ్రిని అడిగింది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"జూన్‌లో నా సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది, విద్యా. ఎప్పుడైనా ఫాల్స్ స్టేట్‌మెంట్ ఇచ్చావా అని అడుగుతారు. మన చేత్తో మనమే రాసిస్తామా?"

"మరి అమ్మమ్మ?"

"చూద్దాం. లాయర్‌తో మాట్లాడతాను."

"ఎప్పుడు?"

"చూద్దామన్నానా!"

ఆయన చూస్తూనే ఉన్నాడు. పదకొండు రోజులు రెండయ్యాయి.

మే మూడో తారీకు పొద్దున జయంతి కూతురి బ్యాగులో ఒక కవరు పెట్టింది. స్కూలువాళ్ళని బతిమాలి తెచ్చిన రిజిస్టర్ కాపీ.

"నువ్వు రా అమ్మా."

"నా ఇంటర్వ్యూ కూడా ఆయనతోటే" అంది జయంతి కూతురి వైపు చూడకుండా. "నువ్వు చిన్నపిల్లవి. నిన్నేమీ అనరు. తీసుకెళ్ళు."

విద్య స్కూలు ఎగ్గొట్టి అమ్మమ్మని బస్సెక్కించింది. హాలు కిటకిటలాడుతోంది. మూడు గంటలు నిలబడ్డాక వాళ్ళ వంతు వచ్చింది. మిసెస్ గార్సా కాపీ చూసింది. ఆమె మొహం విప్పారింది.

"సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్... రోజూ ఉంది! అమ్మా, ఈ కాగితం మీద అదే సంతకం పెట్టండి. రెండూ కలిస్తే ఇవాళే పంపించేస్తాను."

ఎలోయిసా పెన్ను అందుకుంది. ఆగింది. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది స్పానిష్‌లో. విద్యకి ప్రతి మాటా అర్థమవుతోంది.

"పంపిస్తే ఏమవుతుంది?"

"ఆఫీసర్ చూస్తాడు. పేరు తేడా ఎందుకొచ్చిందని ఆ ఇంటాయన్ని పిలిచి అడుగుతాడు."

"అల్లుణ్ణి పిలుస్తారా?"

"పిలవచ్చు. పిలుస్తారనే అనుకోండి."

ఎలోయిసా కాగితం మీదికి వంగి, సంతకం చోట ఇంటూ గుర్తులా రెండు గీతలు కొట్టి పెన్ను కింద పెట్టేసింది.

"ఇది కాదమ్మా. రిజిస్టర్‌లో రాసినట్టు రాయండి."

"నాకు రాయడం రాదు."

"మరి ఇవన్నీ ఎవరు రాశారు?"

"ఆవిడే. మీనాక్షి."

"అబద్ధం!" విద్య అరిచింది. "అమ్మమ్మా, రాయి! నీకొచ్చు! ఎమ్‌తో మొదలెట్టు, ప్లీజ్!"

ఎలోయిసా చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకుంది. మిసెస్ గార్సా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆమెకి అర్థమైంది. అర్థమైనా చేసేదేమీ లేదు. వెనక లైన్లో ఇంకా వందమంది ఉన్నారు. ఆమె కాపీ మడిచి విద్య చేతిలో పెట్టేసింది.

తిరుగు బస్సులో విద్య వెక్కివెక్కి ఏడ్చింది.

"ఎందుకలా చేశావ్? ఆయన నీకోసం ఏమీ చెయ్యలేదు! యూ నో దట్!"

"అల్లుడికి కష్టం రాకూడదు, మిహా, నా తల్లీ" అంది ఎలోయిసా. "అత్తయ్యా అని పిలిచాడు. పదేళ్ళు పిలిచాడు."

"ఉత్తినే పిలిచాడు!"

"నేను ఉత్తినే పలకలేదు కదే."

మర్నాటితో గడువు ముగిసింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. జూన్‌లో ఇంటర్వ్యూ నల్లేరు మీద నడకలా అయిపోయింది. ఆఫీసరు ఆ ప్రశ్న అడిగాడు, భీమశంకర్ లేదన్నాడు. అంతే.

ఆగస్టులో అరోరా బస్టాపు దగ్గర ఇమిగ్రేషన్ వ్యాను ఆగింది. ఎలోయిసా చేతిలో కూరల సంచీ ఉంది. నాలుగోరోజుకి ఆవిడ సరిహద్దు అవతల హ్వారెస్‌లో ఉంది. అక్కడ ఒక గది అద్దెకి తీసుకుంది. మళ్ళీ దాటడానికి మనిషిని వెతుకుతున్నానని, క్రిస్మస్‌కల్లా వచ్చేస్తానని రెండుసార్లు ఫోన్ చేసింది. అల్లుడికి పప్పులో కారం తగ్గించమని చెప్పింది. భీమశంకర్ ఫోన్ దగ్గరికి రాలేదు.

డిసెంబర్ మొదటి ఆదివారం మధ్యాహ్నం గది యజమానురాలు ఫోన్ చేసింది. ఇంట్లో స్పానిష్ వచ్చింది విద్యకే కాబట్టి, ఆ కబురు విద్యే వినాల్సి వచ్చింది. నిమోనియా. గదిలో హీటర్ లేదు. మంగళవారమే పాతిపెట్టారు. చుట్టాలెవరని అడిగితే, అందరూ షికాగో దగ్గరున్నారని చెప్పిందట, కూతురూ, అల్లుడూ, మనవరాలూ.

విద్య ఆ మాటలన్నీ ఒక్కటీ వదలకుండా తెలుగులో తండ్రికి చెప్పింది. ఆయన కుర్చీలోంచి లేచి గరాజ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి లోపల్నుంచి ఏడుపు వినిపించింది, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టుగా.

జయంతి బల్లమీద కంచాలు పెడుతోంది.

"వెళ్ళి నాన్నని పిలువు, విద్యా. పొద్దున్నించీ ఏమీ తినలేదు."

విద్య తన కంచం ముందుకి లాక్కుంది.

"నువ్వే పిలువు" అంది.