సింహద్వారం

మహలు కారితే కప్పు బాగుచేయించడం ఆ వంశంలో ఆనవాయితీ కాదు. కారిన చోటల్లా వెండి పళ్లేలు పెట్టడమే ఆనవాయితీ. ముత్తాత కట్టించిన కప్పు మీద కూలివాడు కాలు పెట్టకూడదట!

ఆ పళ్లేలు మోస్తూ పెరిగిన పిల్ల, పెద్దయ్యాక కప్పులు కారకుండా పూత వేసే కంపెనీ పెట్టింది.

"తారు పూసుకుని బతుకుతావా? మా పరువు తీశావు కదే!" అని పెదనాన్న మండిపడ్డాడు. ఆ పరువు ఎప్పుడో వానకు నానిపోయి, గోడల నిండా నాచు పట్టిందని ఆమెకు తెలుసు.

మొన్నటి వానకు హాలు కప్పు సగం కూలింది. ఆయనే ఫోన్ చేశాడు.

"వచ్చి చూడవే. పనివాళ్లతో వస్తావు కాబట్టి వెనక గుమ్మంలోంచి రా. నలుగురూ చూస్తే బాగుండదు."

"అక్కర్లేదు పెదనాన్నా, పైనుంచే దిగుతాం," అంది ఆమె. "ఇప్పుడు మన మహలుకి సింహద్వారం అదే కదా!"