సన్నటి ఎముక

చివరి పాఠంలో చివరి బొమ్మ. కుడి మోకాలు, ముందు నుంచి గీసింది. తొడ ఎముక కొన, దాని ముందు చిప్ప, కింద రెండు ఎముకలు, ఒకటి లావు, ఒకటి సన్నం. తెర మీద ప్రతి బొమ్మ పక్కనా ఒక గడి ఉంటుంది. బొమ్మలో ఏముందో అందులో రాయాలి. చూపులేని విద్యార్థులకు కంప్యూటర్ ఆ రాతను చదివి వినిపిస్తుంది.

ఆఫీసులో ఆయన్ను బొమ్మల మాస్టారంటారు. మాస్టారేం కాదు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాడు. ప్రెస్సు మూతపడ్డాక ఈ ఆన్‌లైన్ పాఠాల ఆఫీసుకు వచ్చి ఆరేళ్లు. ఈ సాయంత్రం అయిదింటితో ఇదీ సరి.

ఆయనకు ముందు ఈ పని చేసినవాడు అన్ని గడుల్లోనూ 'బొమ్మ' అని రాసి చేతులు దులుపుకున్నాడు. గడి ఖాళీగా లేకపోతే చాలు, తనిఖీ యంత్రం పచ్చగుర్తు వేస్తుంది. ఆ గుర్తులు లెక్కపెట్టి పైవాళ్లు వాడికి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని ఆయన ఈనాటికీ క్షమించలేదు.

తనను మాత్రం క్షమించుకున్నాడా అంటే అదీ లేదు. ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేసిన మనిషి కొత్త చీర కట్టుకుని ఎలా ఉందని అడిగితే, తల ఎత్తకుండా "బానే ఉంది" అనేవాడు. ఆవిడ కొన్నాళ్లు అడిగింది. తర్వాత మానేసింది. తర్వాత పోయింది. ఇప్పుడు ముక్కూ మొహం తెలియని పిల్లల కోసం మోకాటి చిప్పకు నాలుగేసి వాక్యాలు రాస్తున్నాడు.

రెండు దాటాక ఫోన్ మోగింది. పాఠంలో ఇచ్చిన నంబరుకు ఫిజియోథెరపీ చదివే అమ్మాయి చేసింది. చూపు లేదు. రేపు పొద్దున ప్రాక్టికల్ పరీక్ష. ఆయన ఇంకా తిరగరాయని 'బొమ్మ' పాఠాల పుణ్యమా అని నిరుడు ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే సీటు పోతుంది.

"సార్, మీరు చెప్పిన సన్నటి ఎముక నా కాలికి లేదండి."

"లేకపోవడమేమిటి?"

"కుడికాలి మీద చెయ్యి పెట్టుకునే వింటున్నా. ఎడమపక్క అన్నారు. అక్కడ లావుదే తగులుతోంది. తేడా నా కాల్లోనా సార్, పాఠంలోనా?"

కాసేపట్లో చేస్తానని ఫోన్ పెట్టేసి, పంట్లాం మోకాలి పైకి మడిచాడు. కళ్లు మూసుకుని తడిమాడు. మళ్లీ తెర చూశాడు. బొమ్మ తనకు ఎదురుగా నిలబడి ఉంది. దాని ఎడమ పక్క, ఆ పిల్ల కాలికి కుడి పక్క. కళ్లు లేనివాళ్లకు కళ్లున్నవాడి లెక్కన చెప్పాడు. ముందు నుంచి గీసిన బొమ్మలన్నిటా ఇదే తప్పు. నలభై ఒకటి. అయిదింటికి పరీక్షల కోసం పాఠం మూసేస్తారు. తర్వాత వినడమే తప్ప అక్షరం కదలదు.

సెక్షన్ అధికారి అటుగా వచ్చింది. కూతురి ఈడుది.

"ఏంటి బాబాయ్‌గారూ, మోకాళ్ల నొప్పా?"

"కాదమ్మా. తలకాయ నొప్పి."

విషయం చెప్పాడు. ఆమె తెర చూసి, అన్నిటికీ పచ్చగుర్తు పడిందనీ, వెళ్లే రోజున ఈ తద్దినం ఎందుకనీ, నాలుగున్నరకు కేకు తెప్పిస్తున్నాననీ అంది.

"రేపు ఆ పిల్ల ఈ పచ్చగుర్తు పట్టుకుని ఎవరి కాలు తడుముకోవాలి?" అన్నాడు.

ఆమె ఫోన్ తీసి కేకు అయిదు దాటాక పంపమంది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఆమె తప్పున్న బొమ్మలు వెతికి ముందు పెడుతుంటే ఆయన దిద్దాడు. ఎడమా కుడీ కొట్టేశాడు. రెండో కాలికి తగిలేది లోపలి వైపు, చిటికెన వేలున్నది బయటి వైపు. చీలమండ, పాదం; మోచేతికైతే బొటనవేలి వైపు, చిటికెన వేలి వైపు. ప్రతిదీ కళ్లు మూసుకుని తన ఒంటి మీదే చూసుకుని రాశాడు. నాలుగింటికల్లా రెండు పంట్లాం కాళ్లూ, రెండు చొక్కా చేతులూ పైకెక్కి, బురదమడిలో దిగినవాడిలా తయారయ్యాడు. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఆయన నవ్వలేదు.

అయిదుకు ఎనిమిది నిమిషాలుండగా నలభై ఒకటోది అయింది. అమ్మాయికి ఫోన్ చేసి మళ్లీ వినమన్నాడు. అవతల యంత్రం గొంతు వినిపించింది: "మోకాలి కింద, బయటి వైపు, గుండీ అంత బుడిపె. అది సన్నటి ఎముక తల. అక్కడి నుంచి వేలు కిందికి జార్చండి."

అమ్మాయి ఆ ముక్క రెండుసార్లు మళ్లీ పెట్టుకుంది.

"దొరికింది సార్," అంది అమ్మాయి. "నా కాలు బాగానే ఉంది."

ఆయన గుండెల మీది కుంపటి దిగింది.

"రేపు పరీక్షలో ఎడమ కాలు ఇస్తారేమో సార్?"

"ఏ కాలిచ్చినా లోపలా బయటా మారవు. పెందలాడే పడుకో."

అయిదైంది. పాఠం మూశారు. కేకు ముక్క నిలబడే తిన్నాడు. బాగుందన్నాడు. తలుపు దగ్గర అధికారితో, "గడి ఖాళీగా ఉంటే ఉండనీ అమ్మా. పచ్చగుర్తు కోసం ఏదో ఒకటి రాయనివ్వకు," అన్నాడు. మెట్లు దిగుతూ చొక్కా చేతులు ఒకటొకటే సరిచేసుకున్నాడు. రోజూ అయిదింటి బస్సుకు పరుగెత్తేవాడికి ఇవాళ తొందరగా ఇల్లు చేరాలనిపించలేదు. ఎండ బాగుంది. బస్సు వదిలేసి నడిచాడు.

అధికారి దీపాలు ఆర్పబోతూ ఆగింది. కుర్చీలో ఆయన దిండు మిగిలిపోయింది. ఆరేళ్ల బరువుకు నడుమ పల్లం పడి, నాలుగు మూలలూ పైకి లేచి ఉన్నాయి.